ఎవరూ పంపని పిలుపు

మా ఆఫీసులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. ఎడమ చెయ్యి ఆనించే చోట తోలు అరిగి తెల్లబడింది. నేను చేరిన రోజు ఖాళీగా ఉన్నది అదొక్కటే కాబట్టి అందులో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి తెలిసింది, అది అక్క కుర్చీ అని.

అక్క నా తోబుట్టువు కాదు. మా ఆయన మొదటి భార్య. నేను ఆవిణ్ణి చూడలేదు, నా పెళ్ళికి చాలా ముందే పోయింది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్క అనే పిలిచేవారట. వరసకి నాకూ అక్కే అవుతుంది, అదొక ఖర్మ. పోయినవాళ్ళ కోసం ఏడవాలి గానీ పోయినవాళ్ళ మీద ఏడవకూడదంటారు. నేను రెండోదే చేశాను. అదీ రోజూ, తీరిగ్గా, కడుపునిండా.

ఏం చెయ్యను మరి. ఇంట్లో తలుపు కిర్రుమంటే మా అత్తగారు, పెద్దది ఉన్నప్పుడు ఈ తలుపు ఇలా అరిచేది కాదు అనేవారు. తలుపు కూడా ఆవిడ మాట వినేదన్నమాట. ఆఫీసులో కాఫీ మిషన్ మొరాయిస్తే, అక్క అయితే ఒక్కటి చరిచేది, దారికొచ్చేది అనేవారు. ఇక ఆవిడ రాసిన కోడ్ సంగతి సరేసరి. ముత్యాలు పేర్చినట్టుంటుందని ఎవరో ఒకరు వారానికొకసారైనా నా చెవిన వేసేవారు. మా ఆయన మాత్రం ఆవిడ మాట ఎత్తేవారు కాదు. అది ఇంకా మంట. నలుగురితో చెప్పుకున్న జ్ఞాపకం ఎప్పటికో అరుగుతుంది. దాచుకున్నది అరగదు.

ఆయనా అదే టీములో పనిచేసి, ఆవిడ పోయిన కొన్నాళ్ళకి మానేసి, ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నారు. నేను అక్కడ చేరతానంటే వద్దన్నారు. ఎందుకు వద్దో చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే చేరాను.

మా టీము పెద్దని అందరం మేస్త్రి అంటాం. ఇటుక మీద ఇటుక సరిచూసుకుంటూ గోడ కట్టినట్టు కోడ్ రాస్తాడు, అందుకని ఆ పేరు. మేం చేసేది వర్చువల్ మిషన్లు. అంటే ఒక పెద్ద కంప్యూటర్ లోపల నాలుగైదు ఉత్తుత్తి కంప్యూటర్లని నడిపించడం. లోపలున్న ప్రతిదీ తనే అసలుదాన్నని అనుకుంటుంది. పని లేనప్పుడు పడుకుంటుంది. బయటినుంచి ఏదైనా కబురొస్తే దాన్ని తట్టి లేపాలి. ఆ తట్టడాన్ని ఇంటరప్ట్ అంటారు. మాలో మేం పిలుపు అనుకుంటాం. ఆ పిలుపుల కోడ్ మొత్తం అక్క రాసిందే.

ఆ వానాకాలంలో ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ రోగుల గుండె, ఊపిరి చూపించే తెరలన్నీ మా మిషన్ల మీదే నడుస్తాయి. ఒక తెర ఉన్నట్టుండి ఆగిపోయింది. వెలుగుతూనే ఉంది గానీ గీత కదలడం లేదు. నర్సు రోగి ముఖం చూసి అనుమానపడి డాక్టర్ కోసం పరిగెత్తబట్టి ఒక ముసలాయన బతికాడు. మళ్ళీ ఇలా జరిగితే, అని ఆసుపత్రివాళ్ళు ఆ మాట పూర్తి చెయ్యలేదు.

టీమంతా తలలు పట్టుకుంది. మేస్త్రి తీరు మాత్రం నాకు విడ్డూరంగా అనిపించింది. డిస్కు వైపు చూడండి, నెట్‌వర్క్ వైపు చూడండి అని మమ్మల్ని అన్ని వైపులా తిప్పాడు, అక్క కోడ్ వైపు తప్ప. నేను నోరు విడిచి అడిగితే, అందులో ఏముంటుందమ్మా, అది అక్క రాసింది కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఉంటే అందులోనే ఉండాలని, దాన్ని నేనే పట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను.

అందుకే ఎవరూ రాని సెలవు రోజు చూసుకుని వెళ్ళాను. రాబోయే పేరులో ఇంకొకరికి వాటా ఉండకూడదు. ఆ రోజు మా ఆయనకి జ్వరం. మాత్ర వేసుకుని పడుకున్నారు. ఉండమని అడగలేదు గానీ, నేను గుమ్మం దాటుతుంటే కళ్ళు తెరిచి చూశారు. అత్తయ్య ఉన్నారుగా, సాయంత్రానికల్లా వచ్చేస్తానని చెప్పి గొడుగు తీసుకున్నాను.

టెస్టులు చేసే గది ఆఫీసు అడుగు అంతస్తులో ఉంటుంది. కిటికీలు లేవు. అక్కడ పగలూ రాత్రీ ఒకటే. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే కాసేపటికి ఆరిపోయే లైట్లు, వరసకొకటి. రెండు పక్కలా ఇనప బీరువాల్లా నిలబడ్డ సర్వర్లు. వాటి ఫ్యాన్ల హోరు మొదట చెవులు గింగురెత్తిస్తుంది, తర్వాత అలవాటైపోయి నిశ్శబ్దంలా మారిపోతుంది. వేడెక్కిన దుమ్ము వాసన, కేబుళ్ళ ప్లాస్టిక్ వాసన, పైన వాన కురుస్తుంటే గోడల్లోంచి ఊరే చెమ్మ వాసన. తలుపు దగ్గరున్న బల్ల ముందు కూర్చున్నాను. నా నెత్తిమీది లైటు ఒక్కటే వెలుగుతోంది. మిగతా వరసలన్నీ చీకట్లో ఉన్నాయి.

అక్క కోడ్ చదివాను. నిజంగానే బావుంది. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. తల కిందులుగా తపస్సు చేసినా నేను ఇలా రాయలేనని అర్థమైపోయిన చోట్లు రెండు మూడు తగిలాయి. వాటిని గబగబా దాటేశాను. పళ్ళు నూరుకుంటూ ఒకరి రాతని చదివితే ఎంత శ్రద్ధగా చదువుతామో అప్పుడే తెలిసింది. అభిమానంతో చదివినవాళ్ళకి దొరకనిది నాకు దొరికింది.

పడుకోబోయే ముందు మిషన్ ఒకసారి పిలుపులేమైనా ఉన్నాయా అని చూసుకుంటుంది. ఏమీ లేవు, సరేనని పడుకుంటుంది. ఆ చూసుకోవడానికీ పడుకోవడానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంది. సరిగ్గా ఆ సందులో పిలుపు వస్తే, పిలిచేవాడు ఇది ఇంకా మెలకువగానే ఉందనుకుని తట్టడు. ఇది తననెవరూ పిలవలేదనుకుని కళ్ళు మూస్తుంది. ఇక లేవదు. రెండు పనులు ఒకదాన్నొకటి చూసుకోకుండా పరిగెత్తితే ఇలాగే అవుతుంది. మా వాళ్ళు దీన్ని రేస్ కండిషన్ అంటారు. మందు కూడా ఉంది. పడుకుంటున్నానని ముందు అందరికీ తెలిసేలా చెప్పాలి, ఆ తర్వాత ఇంకొక్కసారి పిలుపులు చూసుకోవాలి, అప్పుడే పడుకోవాలి.

నాలుగు లైన్లు. రాశాను. మా దగ్గర ప్రతి లైను పక్కనా అది రాసినవాళ్ళ పేరు కనిపిస్తుంది. అక్క పేరు పోయి ఆ చోట నా పేరు పడింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళి పత్రికలో నా పేరు చూసుకున్నప్పుడు కూడా అంత సుఖం కలగలేదు.

"చూశావా అక్కా," అన్నాను మెల్లగా. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదటిసారి.

టెస్టు పెట్టాను. ఒక వర్చువల్ మిషన్ పిలుస్తూ ఉంటుంది, ఇంకొకటి పడుకుంటూ లేస్తూ ఉంటుంది. తెర మీద రెండే అంకెలు. పంపినవి, అందినవి. ఇంతకు ముందైతే కాసేపటికి అందినవి వెనకబడి, అక్కడితో ఆగిపోయేవి. ఇప్పుడు రెండూ చెట్టపట్టాలేసుకుని పరిగెడుతున్నాయి. వెనక్కి వాలాను. రేపు మేస్త్రి ముఖం ఎలా ఉంటుందో, ఇంటికెళ్ళి ఆయనకి ఎలా చెప్పాలో ఊహించుకుంటున్నాను. ఆవిడ తప్పు చేసిందని నేరుగా అనకూడదు. మాటల్లో మాటగా జారవిడవాలి.

మళ్ళీ తెర చూసేసరికి అందినవాటిలో ఒకటి ఎక్కువగా ఉంది.

కళ్ళు నులుముకున్నాను. తగ్గడం చూశాం గానీ పెరగడమేమిటి. పంపనిది ఎలా అందుతుంది. ఒకే పిలుపుని రెండుసార్లు లెక్కేస్తోందేమోనని చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. చూస్తుండగానే ఇంకొకటి పెరిగింది.

పిలిచే మిషన్‌ని ఆపేశాను. పంపినవి నిలిచిపోయాయి. అందినవి నిలవలేదు. రెండు. కాస్త ఆగి, మళ్ళీ రెండు. వేలి కణుపులతో తలుపు మీద కొట్టినట్టు... టక్ టక్. పడుకున్న మిషన్ ప్రతిసారీ లేస్తోంది, చుట్టూ చూస్తోంది, ఎవరూ లేరని మళ్ళీ పడుకుంటోంది.

లేచి నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను.

రెండు. కాస్త ఆగి, రెండు.

అప్పుడు తెలిసింది ఆ వాసన. దుమ్ము వాసన కాదు. చెమ్మ వాసనా కాదు. సబ్బు... అప్పుడే స్నానం చేసిన మనిషి తడి జుట్టు వాసన.

గది చివర, ఆఖరి వరసలో లైటు వెలిగింది.

ఎవరూ లేరు. ఉంటే కనబడతారు. తీగ ఏదో వేడెక్కి ఉంటుంది, దానంతటదే ఆరిపోతుందని చూస్తూ నిలబడ్డాను. ఆరలేదు. కదలిక లేకపోతే ఆరిపోవాలి కదా... అంటే అక్కడ ఏదో కదులుతూనే ఉంది.

మేస్త్రికి ఫోన్ చేశాను. గొంతు మామూలుగా ఉంచుకుని, ఫలానా చోట మార్పు చేశానని, పంపినవాటికంటే అందినవి ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. అటువైపు టీవీ శబ్దం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. 

"తీసెయ్యమ్మా," అన్నాడు. "ఆ లైన్లు తీసెయ్యి. ఎందుకని అడక్కు."

అడిగాను. ఇన్నాళ్ళూ పౌరుషానికి పోయి నేను ఎవరినీ అడగనిది, అతను అప్పుడు చెప్పాడు.

అక్క పోయిన వారమంతా ఆవిడా, మా ఆయనా నిద్ర మానుకుని ఈ కోడ్ మీద పనిచేశారట. పని ముగించి ఇంటికెళ్ళారు. ఆవిడ స్నానానికి వెళ్ళింది. ఆయన బాత్రూం తలుపు దగ్గరికెళ్ళి ఏమైనా కావాలా అని అడిగారు. ఏమీ వద్దు, మీరు పడుకోండి అంది. ఆయన వచ్చి పడుకున్నారు. ఆ వెంటనే ఆవిడ జారి పడింది. ఏమండీ ఏమండీ అని పిలవడం, తలుపు కొట్టడం పక్కింటివాళ్ళకి వినబడింది. మొగుడూ పెళ్ళాల గొడవేమోనని ఊరుకున్నారు. ఆయనకి వినబడలేదు. మెలకువ వచ్చి మంచం దిగితే కాలికి నీళ్ళు తగిలాయట.

అంతే కాదు. ఈ తప్పుని మేస్త్రి ఎప్పుడో పట్టుకున్నాడు. ఒకసారి సరిచేశాడు కూడా. ఆ రోజే మా ఆయన తన సీట్లోంచి లేచి, వస్తున్నా, వస్తున్నా అంటూ మెట్లెక్కి ఆఫీసు మేడ మీదికెళ్ళి, నీళ్ళ ట్యాంకు మూత తీసి ఒక కాలు లోపల పెట్టారు. నలుగురు పట్టి లాగినా ఆగలేదు. మేస్త్రికి ఏం తోచిందో, కిందికి పరిగెత్తి తన మార్పు తీసేశాడు. అప్పుడు ఆయన కూలబడి, ఇక్కడికెందుకు తెచ్చారని అడిగారట.

"అక్క పిలుపు ఆగలేదమ్మా," అన్నాడు మేస్త్రి, పక్కనెవరో వింటున్నట్టు గొంతు తగ్గించి. "ఆ సందు ఉన్నన్నాళ్ళూ మీ ఆయనకి అందట్లేదు, అంతే. అందనివ్వకు."

ఫోన్ పెట్టేసి ఇంటికి చేశాను. అత్తగారు తీశారు. రొప్పుతున్నారు. వాడు నిద్రలోనే లేచాడని, బాత్రూం తలుపు తీసి చూశాడని, ఇప్పుడు మేడ మెట్ల వైపు పోతున్నాడని చెప్పారు. చెయ్యి పట్టుకుంటే తననీ లాక్కుపోతున్నాడట.

"ఎవరికో వస్తున్నా, వస్తున్నా అంటున్నాడమ్మా," అన్నారు. 

నాలుగు లైన్లు. చెరపడానికి ఒక్క బటన్ చాలు. వేలు దాని మీదే ఉంది.

ఆసుపత్రి గుర్తొచ్చి ఆగిపోయానని చెప్తే గొప్పగా ఉంటుంది. గుర్తొచ్చిన మాట నిజమే. ఆ ముసలాయన, ఆ కదలని గీత. కానీ నా వేలిని ఆపింది అది కాదు. ఇది చెరిపితే ఆవిడ ఇలాగే పిలుస్తూ ఉంటుంది. ఆయన ఇలాగే, వినబడనిదానికి ఒక చెవి అటు పడేసి, నా పక్కన సగం మనిషిగా పడుకుంటారు. ముసలితనం దాకా. సగం ఆవిడకి, సగం నాకు. నాకు ఆ సగం వద్దు.

ఆఖరి వరసలో లైటు ఆరిపోయింది. దాని ముందు వరసలో వెలిగింది.

ఇంటరప్ట్‌కి ఒక పద్ధతి ఉంది. అందుకున్నవాళ్ళు, అందిందని బదులివ్వాలి. ఇవ్వకపోతే అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. ఈ పిలిచేదెవరో మిషన్‌కి తెలియదు కాబట్టి అది బదులివ్వడం లేదు. అప్పుడు ఇవ్వాల్సినవారు నిద్రపోయారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు.

బదులిచ్చే లైను టైప్ చెయ్యడం మొదలుపెట్టాను.  ఒక అక్షరానికి రెండు అక్షరాలు పడుతున్నాయి. చెరిపి మళ్ళీ కొడుతున్నాను. అక్కడ లైటు ఆరింది... ఇంకాస్త ఇటు వెలిగింది. ఆరింది. వెలిగింది. తడి పాదం నేల మీద ఆనినప్పుడు వచ్చే చప్పుడు... ఒకటి. ఇంకొకటి. ఫ్యాన్ల హోరులోంచి, ఎప్పటినుంచో అందులోనే ఉండి ఇప్పుడే విడివడినట్టు, ఒక గొంతు.

"ఏమండీ..."

అది నా మాట. నేను రోజూ పిలిచే పిలుపు. చివర అదే సాగతీత. నాకు ముందు వచ్చింది కోపమే. ఆయన్ని అలా పిలవడానికి ఇప్పుడు ఈవిడెవరు.

నా వెనక వరసలో లైటు వెలిగింది. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.

వెనక్కి తిరగలేదు. లైను పూర్తి చేసి ఎంటర్ నొక్కాను.

"ఆయన రారు," అన్నాను.  "నేనున్నాను. నాకు చెప్పు."

అంకె ఆగిపోయింది.

ఫ్యాన్లు కూడా ఆగాయో, నాకే వినబడలేదో. మెడ మీద ఇంకో చుక్క. కుడి భుజం పక్కనుంచి ఎవరో వంగి తెర చదువుతున్నట్టు అనిపించింది. ఆ సబ్బు వాసన ఊపిరాడనివ్వనంత దగ్గరికొచ్చింది. ఆవిడ పేరు పోయి నా పేరు పడిన లైన్లు ఆ తెర మీదే ఉన్నాయి. నేను వాటి మీద అరచెయ్యి పెట్టి కప్పేశాను. పలక దాచుకునే చిన్నపిల్లలా. ఎందుకు దాచానో ఇప్పటికీ చెప్పలేను.

ఎంతసేపు అలా కూర్చున్నానో... నేను కదలకపోవడంతో లైట్లన్నీ ఆరిపోయాయి. నా నెత్తిమీదిది కూడా. చీకట్లో తెర వెలుతురు నా వేళ్ళ సందుల్లోంచి మాత్రం వస్తోంది. చివరికి చెయ్యి తీశాను. లైటు వెలిగింది. గదిలో నేనొక్కదాన్నే. జాకెట్టు భుజం మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

మార్పు ఉంచేశాను. బదులిచ్చే లైనుతో సహా. అది ఆసుపత్రికి వెళ్ళింది, ఆ తర్వాత ఒక్క తెర కూడా ఆగలేదు. ఎలా కుదిరిందని మేస్త్రి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి వాన తెరిపిచ్చింది. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఆయన మేడ మీద ట్యాంకు దాకా వెళ్ళి, మూత మీద చెయ్యి వేసి, ఉన్నట్టుండి ఆగిపోయారట. ఎవరో ఏదో అన్నట్టు కాసేపు విని, సరే అన్నారట. తనంతట తనే దిగివచ్చి, తల తుడిపించుకుని, పొడిబట్టలు కట్టుకుని పడుకున్నారట. జ్వరం కూడా జారిపోయిందని చెప్పి, మొదటిసారిగా నా వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళి వాడి దగ్గర కూర్చోమ్మా అన్నారు. పెద్దదాని మాట ఎత్తలేదు.

గదిలోకి వెళ్ళాను. ఎప్పుడూ తలుపు వైపు తిరిగి మంచం అంచున పడుకునే మనిషి, ఆ రోజు మంచం మధ్యలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముఖం తేటగా ఉంది. నుదుటి మీద ఆ ముడత లేదు. నేను నా వైపు చోటులో కూర్చుని ఆయన కుడి చెయ్యి అందుకున్నాను. వెచ్చగా ఉంది. నిద్రలోనే నా వేళ్ళని గట్టిగా పట్టుకున్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఎప్పుడూ అలా పట్టుకోలేదు. గెలిచాననుకున్నాను. మనసులో అనుకోవడమేమిటి, నవ్వే వచ్చింది.

అప్పుడు చూశాను ఆయన ఎడమ చెయ్యి.

మంచానికి అటువైపు, దుప్పటి మీద చాపి ఉంది. వేళ్ళు సగం ముడిచి ఉన్నాయి, ఇంకొక చేతిని పట్టుకున్నట్టు. అటు ఎవరూ లేరు. దుప్పటి పొడిగా ఉంది. వంగి చూశాను. ఆ వేళ్ళ కొసలు పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి, చాలాసేపు నీళ్ళలో నానినట్టు. నా చేతిలో ఉన్న వేళ్ళు మామూలుగానే ఉన్నాయి.

నేను పట్టుకున్న చేతిని నా వైపుకి లాక్కున్నాను. కొంచెమే.

కాస్త ఆగి, ఆ ఎడమ చెయ్యి దుప్పటి మీద అటువైపుకి జరిగింది. అదీ కొంచెమే.